అన్వేషణమును అపరాధ పరిశోధనమును

డిటెక్టివు నవల యను దానికి మన పూర్వులు కల్పించిన పేరు అపరాధ పరిశోధక నవల. పేరు వినుట కింపుగనే యున్నది. కాని దాని యవయవార్థమును విచారించినచో నొక చిక్కు కానవచ్చుచున్నది. రాధ్ ధాతువునకు సిద్ధించుట యర్థము. దానికి అప యను నుపసర్గము చేరఁగా సిద్ధి తప్పుట, అనఁగా దోషము, అను నర్థము కలిగినది. శుధ్ ధాతువునకు శుద్ధి యర్థము. కావున అపరాధ పరిశోధన మనఁగా తప్పును నలువైపులనుండి కడిగి తేర్చుట. న్యాయస్థానములవారును, రక్షకభటులును చేయవలసిన పని యిదియే. అన్వేషణ మట్లు కాదు. అను అనఁగా వెంట. ఇష్ ధాతువు దివాదిలో గత్యర్థకము. వెంటఁబడి పోవుట అన్వేషణము. తప్పును కడుగవచ్చును గాని తప్పిపోయిన మనుష్యుని కడుగ వలనుపడదు. వాని వెంటఁ బోవలసినదే.

ఈ భేద మిప్పు డేల ప్రస్తావింపవలసె ననఁగా, పాశ్చాత్యదేశములలో నిటీవల నొకవిధమైన యుత్కంఠ నవల ప్రచారమునకు వచ్చినది. నిజముగా జరిగిన హత్యలను, అపహరణములను స్వకంఠముతో కథలుగా చెప్పి, అంతర్జాల మార్గమున శ్రోతలకు వారము వారము వినిపించువారు నేఁడు కలరు. ఆ శ్రవ్యకథనమునకు పాడ్‌కాస్టు అని పేరు. అట్టి కథకుఁ డొకనాఁడు కానరాకుండఁ బోవును. పోలీసు కాక, వకీలు కాక, ఎవ్వరియొద్దను జీతము పుచ్చుకొనక యుండు నొక సామాన్యుఁడు వాని జాడ తీయఁ బూనుకొనును. చెప్పినవాఁడే కథయగును, విన్నవాఁడే వెదకువాఁడగును. ఇది సర్వము నూతన మని మురియువారు కలరు. నా కట్లు తోఁపదు. ఈ త్రోవ పదుమూఁడవ శతాబ్దమునందలి కేతననాఁటికే తెలుఁగునకు వచ్చినది. అంతేకాక, బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో నపరాధకథలను వేలంవెఱ్ఱిగా చదివి, చదివినవానిని పోఁగొట్టుకొన్న మనకు, తప్పిపోయిన కథకుని వెదకుట నవలలోని మాట గాక ప్రస్తుత కర్తవ్యమై యున్నది.

దశకుమారచరిత్రము తప్పిపోయిన మనుష్యుని కథ. రాజవాహనుఁడు వింధ్యాటవిలో మాతంగుఁడను విప్రుని వెంట, మిత్రుల కెవ్వరికిని చెప్పకుండ, రాత్రివేళ పాతాళమునకుఁ బోయెను. తెల్లవాఱి లేచిన తొమ్మండ్రు మిత్రులును అతనిఁ గానక తలయొక దిక్కునకు వెదకఁ బోయిరి. వీరిలో వెదకుట వృత్తిగాఁ గలవాఁ డొక్కఁడును లేఁడు. మరలఁ గలిసికొన్నపుడు తాను నడచిన త్రోవ నొక్కొక్కఁడు చెప్పుట యే గ్రంథము. ఆ త్రోవలన్నియు జూదపుటిండ్ల గుండను, కన్నపు దారుల గుండను, చెఱసాలల గుండను పోయినవి.

వీరిలో అపహారవర్మ చరిత్ర మన ప్రస్తావమునకు మిక్కిలి యుపయుక్తము. ఇతఁడు చంపానగరపు వెలుపల గంగాతీరమున మరీచి యను ముని దివ్యదృష్టి గలవాఁడని విని, రాజవాహనుని జాడ యడుగఁ బోయెను. పోయి చూడఁగా నా మునికి చూపు పోయి యున్నది. కామమంజరి యను వేశ్య తోడి వేశ్యతో పందెము వేసి, యాతని తపస్సు చెఱిచి, రాజసభకుఁ గొనిపోయి, పందెము గెలిచి విడిచిపెట్టినది. ఎఱిఁగినవాఁడు దొరకెను గాని వాని యెఱుక దొంగిలింపఁబడినది! నీవు కొంతకాలము పట్టణమున నుండుము, నా తపస్సు మరల ఫలించినపుడు చెప్పెదనని ముని పలికెను. అతఁడు పట్టణము ప్రవేశించి, అదే వేశ్య చేత సర్వస్వము గోలుపోయి క్షపణకుఁడైన విరూపకునిఁ జూచి, వాని సొమ్ము వానికి దక్కించెదనని మాటయిచ్చి, కన్నగాఁ డయ్యెను. దండి యచట కన్నపు సాధనములను పేర్చి చెప్పినాఁడు: పాముపడగవంటి మొనగల గునపము, పట్టుకారు, కన్నములో ముందుగా దూర్చి చూచుటకు మనుష్యుని తలవంటి బొమ్మ, మందుపొడి, కొలత త్రాడు, కొక్కెము, దీపపు పాత్ర, దీపము నార్పుటకు విడుచు పురుగుల పెట్టె. మృచ్ఛకటికములో శర్విలకుఁడు జందెమునే కొలత త్రాటిగా వాడుకొనుట యీ సందర్భమున స్మరింపఁదగును. వెదకఁబోయినవాఁడు తుదకు దొంగయై కూర్చుండెను గదా యని కొందఱు విమర్శకులు దీనిని కథాదోషముగా నెంచిరి. ఇది దోషము కాదు. తప్పును కడుగువాఁడు ఒడ్డున నిలిచి కడుగవచ్చును. వెంటఁబోవువాఁడు నీటిలో దిగవలసినదే. నేఁటి యుత్కంఠ నవలలోని సామాన్యుఁడును పరుల యిండ్లు సొచ్చి, పరుల యుత్తరములు విప్పి, అబద్ధము లాడి కాని ముందున కడుగు వేయలేఁడు.

మంత్రగుప్తుని కథనమునందలి విశేషము నొక్కమాటలో చెప్పి విడిచెదను. కాంత చేత పెదవి గంటుపడి యుండుటవలన నాతఁడు తన వృత్తాంతమును ఓష్ఠ్యాక్షరము లొక్కటియు లేకుండ చెప్పును. పవర్గము నోరాడదు. వైయాకరణున కిది వినోదము. కాని సాక్షి దేహస్థితి వాని పలుకులో గుఱుతుగ నిలిచియుండు నను సంగతి న్యాయాధిపతికిని పనికివచ్చునది.

ఇఁక నొక యాశ్చర్యము. దండి రచనలో నడిమి భాగమే మిగిలినదనియు, పూర్వపీఠికయు తుది భాగమును ఇతరులు పూరించినవనియు విమర్శకుల మతము. రాజవాహనుఁడు తప్పిపోయిన వృత్తాంతము గలది పూర్వపీఠికలోనే. అనఁగా తప్పిపోయినట్లు చెప్పు భాగమే తప్పిపోయినది! దండి వంశవృత్తాంతము గల అవంతిసుందరీకథ శిథిలప్రతిని వెదకి 1924లో ప్రకటించినది మన మానవల్లి రామకృష్ణకవిగారు. నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలికిఁ దెచ్చినవారును వారే. ఇట్టి పనికి అపరాధ పరిశోధన మను పేరు చెల్లదు. ఇది శుద్ధమైన అన్వేషణము.

దశకుమారచరిత్రమును తెనిఁగించి తిక్కన కంకితమిచ్చిన కేతన మఱి రెండు గ్రంథములు వ్రాసెను. ఆంధ్రభాషాభూషణము తెలుఁగులో పుట్టిన మొదటి వ్యాకరణము; విజ్ఞానేశ్వరీయము ధర్మశాస్త్రము, మితాక్షరకు తెలుఁగు. కన్నగాండ్ర కథయు, శబ్దశాస్త్రమును, శిక్షాస్మృతియు నొక్కని గంటము నుండియే వచ్చుట కాకతాళీయ మని నే ననుకొనను. ఒక పదము నెదుట నుంచుకొని యిది యెచటనుండి వచ్చినది, ఏ వర్ణము లోపించినది, ఏది యాదేశముగ వచ్చినది యని వెదకు బుద్ధియు, అడుగుజాడను జూచి యీ దారిని పోయినవాఁ డెవ్వఁడని వెదకు బుద్ధియు నొక్కటే.

మితాక్షరకు మూలమైన యాజ్ఞవల్క్యస్మృతిలో దొంగను పట్టు లక్షణములు చెప్పఁబడినవి. చోరసొత్తు చేత నుండుట, అడుగుజాడ కుదురుట, మున్ను నేరము చేసియుండుట, నిలుకడగల నివాసము లేకుండుట మొదలైనవి. ఊరు పేరు దాఁచుట, జూదము, అడుగఁగా నోరెండి గొంతు మాఱుట, రాఁబడి లేక వ్యయ మధికముగా నుండుట మొదలైనవి అనుమాన హేతువులు. దొంగకు తేలు కుట్టినట్లన్న మన సామెతకు స్మృతిలో ప్రమాణ మిదియే. కాని విజ్ఞానేశ్వరుఁ డచట నారదుని వచన ముదాహరించి హెచ్చరించినాఁడు: చేత నున్న సొత్తు మఱియొకని చేతినుండి జాఱినది కావచ్చును, నేలపై దొరకినది కావచ్చును, దొంగయే వాని మీఁద పడవేసినది కావచ్చును, కావున యత్నముతో పరీక్షింపవలయును. మఱియు చంపినవాఁ డెవ్వఁడో తెలియనిచో నేమి చేయవలయు నను ప్రశ్నకు యాజ్ఞవల్క్యుఁడు చెప్పిన క్రమ మిది. చనిపోయినవానికి ఎవ్వరితో కలహము కలదని కొడుకులను, చుట్టములను అడుగవలయును; స్త్రీలను వేఱువేఱుగ నడుగవలయును; వాఁ డే కోరిక మీఁద నుండెను, ఎవ్వని వెంటఁ బోయెను అని విచారింపవలయును; చచ్చిన చోటికి దగ్గఱనున్న జనులను శనైః, అనఁగా మెల్లగా, ప్రశ్నింపవలయును. ఈ యవ్యయమును వ్యాఖ్యాతలు చల్లగా దాఁటిపోవుదురు గాని, అపరాధశాస్త్రమంతయు నా రెండక్షరములలో నిమిడి యున్నది. మెల్లగా నడిగినచో సాక్షి చెప్పును. తొందరించినచో మనము చెప్పినదే వాఁడు మరల చెప్పును.

నేఁటి శ్రవ్యకథకులకు లోపించిన దీ శనైః యే. 1999లో అమెరికాలోని బాల్టిమోరు నగరమునందు జరిగిన యొక విద్యార్థిని హత్యను గుఱించి 2014లో సీరియల్ అను కథనము వెలువడఁగా, శ్రోతలు పలువురు స్వయముగ పరిశోధకులై సాక్షుల జాడ తీయఁ బూనుకొనిరి. శిక్షితుని దోషనిర్ణయము 2022లో కొట్టివేయఁబడి, 2023లో మరల నిలిచి, 2025లో అనుభవించిన శిక్షయే చాలునను తీర్పుతో ముగిసినది. ఆస్ట్రేలియాలో 1982లో కనఁబడకుండఁ బోయిన గృహిణిని గుఱించి 2018లో ది టీచర్స్ పెట్ అను కథనము వచ్చినది. 2022లో భర్తకు దోషనిర్ణయ మైనది. కాని యా ప్రచారపు హోరు సద్దుమణఁగుటకై విచారణమును కొంతకాల మాఁపవలసి వచ్చెను, ఆ కథనమును ఆ దేశములో వినఁబడకుండఁ జేయవలసివచ్చెను. మేలు జరిగినది, అయినను సాక్ష్యము మలినమగు ప్రమాదమును దానితోడనే పుట్టినది. శ్రోతలను రేపుట వేఱు, జాడను కాపాడుట వేఱు.

బాల్టిమోరు పేరు వచ్చినది గనుక నొకమాట. అపరాధకథకు పాశ్చాత్యులలో నాద్యుఁడైన ఎడ్గార్ ఆలన్ పో చనిపోయినది యా నగరముననే. 1841లో రూ మోర్గ్ వీథి హత్యల కథను వ్రాసి, అదే యేఁట న్యూయార్కులో కానరాక హడ్సన్ నదిలో శవమై తేలిన మేరీ రోజర్సు వృత్తాంతమును మఱుసటి యేఁడు పారిస్ నగరమునకు మార్చి కథగా ప్రకటించెను. ఇతని డ్యూపెను పోలీసు కాఁడు. ఇంట కూర్చుండి వార్తాపత్రికలు చదివి యూహించువాఁడు. నిజహత్యను గుఱించిన కథకు సామాన్యుఁడు పరిశోధకుఁ డగుట కిదియే మొదలు. ఆ పో 1849 సెప్టెంబరులో రిచ్మండునుండి బయలుదేఱి, కొన్ని దినములపా టెచటనుండెనో తెలియక, అక్టోబరు 3వ తేదీని బాల్టిమోరులో పరుల బట్టలతో, తెలివి తప్పిన స్థితిలో కనఁబడి, 7వ తేదీని మరణించెను.

ఇంతకంటె చిత్రమైనది అగాథా క్రిస్టీ వృత్తాంతము. ఆమె 1926 డిసెంబరు 3వ తేదీ రాత్రి యిల్లు విడిచెను. కారు సర్రే మండలమున న్యూలాండ్స్ కార్నరు నొద్ద కనఁబడెను, ఆమె లేదు. రక్షకభటులతో పాటు జనులు వేలకొలఁది గుట్టలును చెఱువులును గాలించిరి. షెర్లాక్ హోమ్సు సృష్టికర్త కోనన్ డాయిల్ ఆమె చేతితొడుగును భూతవిద్యావేత్త కిచ్చి జాడ యడిగెను! తార్కికశిఖామణిని సృష్టించినవాఁడు తర్కమును విడిచి సోదె యడుగుట కాలవైపరీత్యము. పదునొకండవ దినమున హారోగేటు నందలి సత్రములో నామె క్షేమముగ, మఱియొక పేరుతో, కానవచ్చెను. ఆ పేరులోని యింటిపేరు భర్త మనసుపడిన స్త్రీది. ఆమె జాడఁ జూచినవారు పోలీసులు కారు, సత్రములోని వాద్యగాండ్రు. ఆత్మకథలో నామె యీ దినములను గుఱించి మాటాడలేదు. అన్వేషణము ఫలించినది, పరిశోధనము ఫలింపలేదు. ఈ రెండును వేఱనుట కింతకంటె దృష్టాంతము వలయునా?

మన దేశమున నీ కథలు వంగదేశపు త్రోవను వచ్చినవి. కలకత్తా పోలీసు పరిశోధకశాఖలో నుద్యోగి యైన ప్రియనాథ ముఖోపాధ్యాయుఁడు 1892 మొదలుకొని దారోగార్ దప్తర్ అను పేర తాను నడపిన వ్యవహారములను కథలుగా ప్రకటించెను. తరువాత పాంచ్‌కడీ దే నవలలు దేశభాషలలోనికి, వానితో తెలుఁగులోనికిని, పరివర్తితము లైనవి. ఈ పరంపరవలననే పరిశోధకుఁడు మనకు వృత్తిపరుఁడుగా పరిచయ మయ్యెను. తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావుగారి (1926-1994) యుగంధరునియొద్దకు జనులు పనిగట్టుకొని వచ్చి తమ కష్టము చెప్పుకొందురు. అతఁడు సహాయకుఁడైన రాజుతో బయలుదేఱును. ఈ నవలలను పండితులు చిన్నచూపు చూచిరి. నేను చూడను. వాడుకభాషలో వాక్యమును బిగించి, పుట పుటకును కుతూహలము చల్లాఱనీయకుండుట సులభమైన విద్య కాదు. ఆరుద్రగారు పలకల వెండిగ్లాసు, ఆనకట్ట మీద హత్య మొదలైన అపరాధ నవలలు వ్రాసిన చేతితోనే సమగ్ర ఆంధ్రసాహిత్యమును వ్రాసిరి. కవుల కాలములను నిర్ణయించునపుడు వారు సాక్ష్యములను నిలఁదీయు తీరు చూచినచో కేతన జ్ఞప్తికి వచ్చును.

ఇట్లు పేరు నిలిచినవారు కొలఁదిమంది. మిగిలినవా రెచట? నేను గుడివాడలో కౌముది చదువుకొనునాళ్లలో, అనఁగా 1980 తరువాతి యేండ్లలో, రైలు స్టేషను దారిలో అద్దెపుస్తకముల దుకాణము లుండెడివి. పగలు హల్సంధి, రాత్రి హత్యారహస్యము. పుస్తకమునకు దినమున కింత యని యద్దె. అట్టల మీఁద రంగుబొమ్మలు, లోపల ముదురు పసుపు వన్నెకు తిరిగిన చౌక కాగితము. చేతులు మాఱఁగా మాఱఁగా ముందుగా నట్ట యూడును. దానితో కర్తపేరు పోవును. పిదప తుదిపుట పోవును. దానితో హంతకుని పేరు పోవును. దుకాణదారు మిగిలిన దానిని కుట్టించి మరల నద్దెకే యిచ్చును. దండికి పట్టిన గతియే వీరికిని పట్టినది; పూరించువారు మాత్రము లేరు. గ్రంథాలయములు వీనిని కొనవు, కొన్నను దాఁచవు. 1935లో కాలువల మీఁద పడవ గ్రంథాలయమును నడపిన పాతూరి నాగభూషణముగారి వంటివారును పుస్తకమును జనులకు చేర్చుటకు పాటుపడిరి గాని, చేరినదానిని నిలుపుట యింకొక పని.

మన ప్రాంతమున నీటి పోటు వేఱొకటి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీఁదికి వచ్చిన యుప్పెనలో ముప్పదివేల మంది పోయిరని లెక్క. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మునిఁగినపుడు నేను బాలుఁడను. అప్పుడును వేలమంది పోయిరి. మనుష్యుల శవములే లెక్కకు రాని చోట పెట్టెలలోని పుస్తకముల మాట నెవ్వ రెత్తుదురు? అయినను వెదకువాఁడు పుట్టవలసినచో నా సీమనే పుట్టవలయును. పెదకళ్లేపల్లిలో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, కర్తృనామము చెదరిపోయి జనుల నోళ్లలో మిగిలిన చాటుపద్యములను ప్రోగుచేసి చాటుపద్యమణిమంజరిగా నిలిపిరి. పద్యమునకు చెల్లిన యా శ్రమ వచనమునకు చెల్లకూడదా?

నాయొద్ద అట్టలేని అపరాధ నవలలు మూఁడున్నవి. వానిలో నొకదాని కాలమును నిర్ణయించిన తీరు చెప్పెదను. కథలో మద్రాసు వీథులలో ట్రాము నడచుచున్నది. మద్రాసులో ట్రాములు 1953 ఏప్రిలులో నిలిచిపోయినవి. బెజవాడ యని యున్నదే కాని విజయవాడ యని లేదు. ఇంతవఱకు రచన 1953కు పూర్వ మనిపించును. కాని నడుమ ప్రకటనలో నితర పుస్తకముల వెలలు నయాపైసలలో నున్నవి. దశాంశ నాణెములు వచ్చినది 1957 ఏప్రిలు 1వ తేదీ. నయా యను విశేషణము పోయినది 1964 జూనులో. కావున గ్రంథము ముందు పుట్టినది, నా ప్రతి యా నడిమి యేండ్లలో పునర్ముద్రిత మైనది. కర్తకు లాకు, లంక, బల్లకట్టు అను మాటలు వివరింపవలసినవిగా తోఁపలేదు. మద్రాసు సందుల నైతే ప్రతిదానిని వివరించినాఁడు. ఇతఁడు డెల్టావాఁడు, పట్టణమునకు పరదేశి.

ఆ ప్రతిని పట్టుకొని అవనిగడ్డ దిక్కునకుఁ బోతిమి. నాతో వచ్చిన యువకుఁ డుత్సాహముతో నొక వృద్ధ పాఠకునిఁ జూచి, ఇది ఫలానావారిది గదా యని పేరెత్తి యడిగెను. ఆయన యవునని తల యూఁపెను. మఱియొక వృద్ధున కే పేరును చెప్పక పుస్తకము మాత్రము చేతికిచ్చితిమి. ఆయన పది పుటలు త్రిప్పి, దీనిని వ్రాసినవాఁడు బడిపంతులనియు, పుస్తకమునకు వేఱొకరి పేరు వేయించెననియు, పేరు జ్ఞప్తికి రాలేదనియు చెప్పెను. మొదటి సాక్ష్యము నేను లెక్కకుఁ గొనలేదు. రెండవదానిని వ్రాసి యుంచితిని.

ఈ పత్రికను చదువువారిలో నెవ్వరియింట నైనను ఆ గ్రంథపు ప్రతి యుండవచ్చును గనుక గుఱుతులు చెప్పుచున్నాను. నా ప్రతి 17వ పుటతో మొదలై 104వ పుటతో నిలిచినది. మద్రాసునుండి బందరునకు బయలుదేఱిన వైద్యుఁ డొకఁడు బెజవాడలో బండి మాఱినవాఁడు బందరులో దిగఁడు. అతనిని వెదకువాఁడు పరిశోధకుఁడు కాఁడు. ఆ వైద్యుని మందులశాలలో మందులు కలుపు కాంపౌండరు. 104వ పుట చివర నాతఁడు రాత్రివేళ లాకుల యొద్ద పడవ నాఁపించి, లోపల నున్నవా రెవ్వరని సరంగు నడుగుచున్నాఁడు. ఆ పైపుటలు కాని, మొదటి పదునాఱు పుటలు కాని, అట్ట ముక్క కాని యున్నవారు సంపాదకులకు తెలిపినచో, ప్రతిని నేనే వచ్చి చూచుకొని, వ్రాసికొని, చెఱుపకుండ తిరిగి యిచ్చెదను.